నాలుగున్నర అడుగుల ఎత్తు

హైదరాబాద్ పాతబస్తీలో గౌలిపురా, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ ఇళ్ళల్లో ఫోన్లు సరిచేసి పెట్టడం నాకు ఏళ్ళుగా అలవాటైన పని. పెద్దవాళ్ళకు బ్యాంకు యాప్, పిల్లలకు పాఠాల యాప్ వేసివ్వడంతో మొదలైంది. ఇప్పుడు తల్లులు ఎక్కువగా అడిగేది వేరు. "అన్నా, వీడు ఆ టోపీ, కళ్ళద్దాల బొమ్మ ఉన్నదాంట్లనే చూస్తుండు. హిస్టరీ తీస్తే ఏం లేదు. ఏం చూస్తుండో ఎట్ల తెల్సుకోవాలె?"

ఆ బొమ్మ క్రోమ్‌లో ఉండే ఇన్‌కాగ్నిటోది. అది దాచేది చాలా తక్కువ. మూసేయగానే చూసిన పేజీల జాబితా, కుకీలు, ఫారాల్లో నింపిన వివరాలు ఆ ఫోన్‌లో మిగలవు, అంతే. నెట్ ఇచ్చే కంపెనీకి, వెళ్ళిన వెబ్‌సైటుకు ఆ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. ఈ మోడ్‌లో ఉన్నవాళ్ళ వివరాలు కూడా సేకరించిందని 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, కోట్లకొద్దీ రికార్డులు తుడిచేయడానికి కంపెనీ ఒప్పుకుంది. పిల్లవాడు దాక్కున్నది ఇంట్లో వాళ్ళ నుంచి మాత్రమే. ఈ సంగతి నేను ముందు పిల్లవాడికే చెప్తాను, వాడికి తెలియాల్సిన అవసరం తల్లి కన్నా ఎక్కువ.

తల్లికి చెప్పాల్సింది ఇంకోటి. తుడిచిపెట్టుకుపోయినదాన్ని వెనక్కి రప్పించే దారి దాదాపు లేదు. విండోస్ కంప్యూటర్‌లో అయితే డీఎన్‌ఎస్ క్యాష్ అని ఒకటుంటుంది, తెరిచిన సైట్ల పేర్లు కొన్ని కాసేపు అందులో నిలుస్తాయి. మెషీన్ ఆపి మళ్ళీ వేస్తే అవీ పోతాయి. కొన్ని ఇంటి వైఫై రూటర్లలో సైట్ల పేర్లు నమోదవుతాయి. పేర్లే గానీ, అందులో ఏ పేజీ చదివారో తెలియదు. వీపీఎన్ వేస్తే ఆ పేర్లూ రావు. మొబైల్ డేటాకు మారితే రూటర్‌తో పనే లేదు.

కాబట్టి చేయగలిగింది ముందే చేసుకోవాలి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో పిల్లల ఖాతా తెరిస్తే, ఆ ఖాతాతో వాడే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ఉండదు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌కి వెళ్ళి అడల్ట్ సైట్లకు పరిమితి పెడితే సఫారీలో ప్రైవేట్ బ్రౌజింగ్ ఆగిపోతుంది. వేరే బ్రౌజర్ దించుకోకుండా, కొత్త యాప్ ఏదైనా తల్లి ఒప్పుకున్నాకే వచ్చేలా పెట్టాలి. ఇంట్లో వైఫై ఉంటే రూటర్‌లో సైట్ల పేర్లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సెట్టింగును 1.1.1.3కి మార్చాలి. క్లౌడ్‌ఫ్లేర్ 2020లో కుటుంబాల కోసం తెచ్చిన ఈ ఉచిత సేవ అశ్లీల సైట్లను చాలావరకు ఆపుతుంది. పదేళ్ళ పిల్లలకు ఇవన్నీ పెట్టాల్సిందేనని గట్టిగా నమ్ముతాను. వెతకనిది కూడా కళ్ళముందుకు వచ్చిపడే కాలం ఇది. పదిహేనేళ్ళవాడికి మాత్రం స్నేహితుడి ఫోన్ ఉంది, పక్కింటి వైఫై ఉంది.

పిల్లలకు తెలియకుండా వాళ్ళు టైపు చేసే ప్రతి అక్షరాన్నీ తల్లి ఫోన్‌కు పంపే యాప్‌లు కూడా దొరుకుతాయి. అవి వేయమంటే నేను వేయను. ఒకింట్లో తొమ్మిదో తరగతి అమ్మాయి వాడే ఫోన్‌లో ఒక ఆరోగ్య సైటు పేరు కనిపించి పెద్ద గొడవైంది. ఆ పిల్ల చదువుకున్నది నెలసరి నొప్పి గురించి. ఆ తర్వాత చాలాకాలం తల్లిని ఏదీ అడగలేదు. రేపు ఎవడైనా ఆ పిల్ల ఫోటో పట్టుకుని బెదిరిస్తే చెప్పుకోవాల్సింది ఆ తల్లికే. ఆ దారి మూసుకుపోయాక ఎన్ని లాగ్‌లు చూసి ఏం లాభం?

నిఘా ఎట్లుంటుందో పాతబస్తీకి ఒకరు చెప్పనక్కర్లేదు. 2021లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కాలాపత్తర్, కిషన్‌బాగ్‌లను కొలిచి, సగానికి పైగా చోటు సీసీ కెమెరాల కంట్లో ఉందని తేల్చింది. అదే ఏడు అక్టోబరులో మన నగరంలో పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, ఫోన్లు తెరిపించి, చాటింగుల్లో గంజాయి మాట కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పింది 2017 ఆగస్టు 24న, అయినా ఈ తనిఖీలేం న్యాయమని 2021లో మనం కోపంతో అడిగాం. రాత్రి పిల్లవాడు పడుకున్నాక దిండు కింది నుంచి ఫోన్ తీసేటప్పుడు ఆ కోపం గుర్తు రావాలని నా కోరిక.

మరి ఎంతవరకు చూడాలి? దానికి నాకు ఒక పాత కొలత గుర్తొస్తుంది. 2011లో కేంద్రం ఇంటర్నెట్ కేఫ్‌లకు నియమాలు తెచ్చింది. పార్టిషన్ నేల నుంచి నాలుగున్నర అడుగులు దాటకూడదు. పార్టిషన్ లేని చోట కంప్యూటర్ తెర అందరూ తిరిగే వైపుకు ఉండాలి. మైనర్లను పార్టిషన్ లోపల కూర్చోబెట్టాలంటే వెంట తల్లో తండ్రో సంరక్షకులో ఉండాలి. చూసిన సైట్ల చిట్టా ఏడాది దాచాలనే నియమమూ ఉంది, అది నాకు నచ్చదు. కానీ ఆ ఎత్తు నచ్చుతుంది. కూర్చున్నవాడికి కొంత చాటు, నిలబడ్డవాడికి కొంత చూపు, రెండూ ఇద్దరికీ తెలిసే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కేఫ్‌లు ఒక్కొక్కటే మూతపడి తెర జేబులోకి చేరింది. ఆ ఎత్తు ఎంతుండాలో చెప్పేవాళ్ళు ఇప్పుడు ఇంట్లోనే ఉండాలి.

అందుకే ఫ్యామిలీ లింక్ పెట్టేటప్పుడు పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటాను. అమ్మకు ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో వాడికే తెరిచి చూపిస్తాను. ఏ వయసుకు ఏది తీసేయాలో ఆ పూటే మాట్లాడుకోమంటాను. ఫోన్ రాత్రి హాల్లో చార్జింగుకి పెట్టాలంటే నాన్న ఫోన్ కూడా అక్కడే ఉండాలని పిల్లలు పట్టుబడతారు, నేను పిల్లల పక్షానే ఉంటాను. లేచేముందు పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930 నంబర్లు ఇద్దరి ఫోన్లలోనూ వేయిస్తాను. మొన్న ఒకమ్మాయి, పది పరీక్షలయ్యాక ఫిల్టర్ తీసేస్తారా అని అడిగింది. తల్లి నావైపు చూసింది. నన్ను కాదు, ఆ పిల్లనే అడగమన్నాను: ఎందుకు తీయాలో, తీశాక భయపెట్టేదేదైనా కనిపిస్తే ఎవరికి చెప్తుందో. వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారు.