రాబిన్సన్ల ఇంట్లో లూయిస్: ఒక కుటుంబ చిత్రంపై విమర్శ

పరిచయం

సినిమా సమీక్షకూ విమర్శకూ ఉన్న తేడాను మీరు ఇంతకుముందు తెలుసుకున్నారు. ఆ తేడాను ఇప్పుడు ఒక చిత్రానికి అన్వయించి చూద్దాం. కుటుంబ చిత్రం అనగానే చాలామంది "పిల్లలతో కలిసి చూడొచ్చు, మంచి నీతి ఉంది" అని రెండు మాటల్లో తేల్చేస్తారు. ఆ నీతిని చిత్రం ఎలా నిరూపించింది, ఎక్కడ తడబడింది అని అడిగినప్పుడే విమర్శ మొదలవుతుంది.

మనం తీసుకుంటున్న చిత్రం 'మీట్ ద రాబిన్సన్స్'. వాల్ట్ డిస్నీ సంస్థ 2007లో విడుదల చేసిన ఈ యానిమేషన్ చిత్రానికి స్టీఫెన్ ఆండర్సన్ దర్శకుడు. విలియం జాయిస్ 1990లో ప్రచురించిన పిల్లల బొమ్మల పుస్తకం దీనికి ఆధారం. అదే సంవత్సరం వచ్చిన 'రాటటూయీ'కి దక్కిన గౌరవం దీనికి దక్కలేదు.

కథాసంగ్రహం

వాన కురుస్తున్న రాత్రి ఒక స్త్రీ పసిబిడ్డను అనాథాశ్రమం గుమ్మంలో వదిలి వెళ్తుంది. ఆ బిడ్డే లూయిస్. పన్నెండేళ్లు వచ్చేసరికి కొత్త కొత్త యంత్రాలు తయారుచేసే పిల్లవాడవుతాడు. దత్తత కోసం వందకు పైగా దంపతులు చూసి వెళ్లినా ఎవరూ అతన్ని తీసుకోరు. ఒకసారి రొట్టె మీద పీనట్ బటర్, జామ్ పూసే యంత్రం చూపించబోతే అది పేలి, వేరుశనగ పడని పెద్దమనిషి మీదే చిమ్ముతుంది. కన్నతల్లి ఒక్కతే తనను కోరుకుని ఉంటుందనుకుని, ఆమె ముఖాన్ని గుర్తుచేసే యంత్రం తయారుచేయడానికి పూనుకుంటాడు. ఇంతలో విల్బర్ అనే అబ్బాయి వచ్చి అతన్ని 2037లోని రాబిన్సన్ల ఇంటికి తీసుకెళ్తాడు.

ఓటమికి చప్పట్లు

ఆ ఇంట్లో భోజనాల సన్నివేశాన్ని జాగ్రత్తగా గమనించండి. మళ్లీ అదే రకం యంత్రం. దాన్ని బాగుచేయమని లూయిస్‌ను అడుగుతారు. మళ్లీ అది పేలి అందరి మీదా చిమ్ముతుంది. లూయిస్ సిగ్గుతో ముడుచుకుపోతాడు. ఇంటిల్లిపాదీ మాత్రం చప్పట్లు కొడుతుంది. ఓడిపోయావంటే ఏదో నేర్చుకున్నావని వాళ్ల లెక్క.

ఒకే సంఘటనను రెండు ఇళ్లలో జరిపించడం ద్వారా దర్శకుడు తన వాదన చెబుతున్నాడు. మొదటిచోట లూయిస్ పరీక్షకు నిలబడ్డ అభ్యర్థి. ఒక్క తప్పుతో అవకాశం పోయింది. రెండోచోట తప్పు జరిగినా అతని కుర్చీ అతనిదే. మనవాళ్లు అనే మాటకు ఈ చిత్రం ఇచ్చే అర్థం ఇదే: మన తప్పు వల్ల మన చోటు పోని ఇల్లు. మధ్యలో ఆగిన చదువును మళ్లీ అందుకున్నవారు మీలో ఎందరో ఉన్నారు. ఈ సన్నివేశం బరువు మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒకే గదిలో ఇద్దరు

లూయిస్ గదిలోనే ఉండే చిన్నవాడు గూబ్. లూయిస్ రాత్రంతా యంత్రంతో కుస్తీ పడుతుంటే ఇతనికి నిద్ర ఉండదు. మర్నాడు బేస్‌బాల్ ఆటలో కునుకుపట్టి, గెలిపించాల్సిన క్యాచ్ వదిలేస్తాడు. ఆ కోపాన్ని దశాబ్దాలు మోసి, పెద్దయ్యాక టోపీ పెట్టుకున్న ప్రతినాయకుడిగా తిరిగివస్తాడు.

అతను తన గతం చెప్పే చోట చిత్రం గొప్ప పని చేస్తుంది. అందరూ తనను అసహ్యించుకున్నారని గూబ్ గొంతు చెబుతుంటుంది. తెర మీద మాత్రం బడిపిల్లలు అతన్ని చూసి నవ్వుతూ పలకరిస్తుంటారు. మాట ఒకటి, దృశ్యం మరొకటి. చూసేవాళ్లు నవ్వుతారు గానీ, అందులోని విషాదం చిన్నది కాదు. తలుపు తెరిచే ఉన్నా లోపలికి అడుగుపెట్టలేని మనిషి కథ అది. అనాథ అంటే దిక్కులేనివాడని అర్థం. దిక్కు లేకపోవడం ఎంత నిజమో, ఉన్న దిక్కును చూడలేకపోవడం కూడా అంతే నిజమని ఈ సన్నివేశం చూపిస్తుంది.

తల్లి ముందు నిలిచిన క్షణం

చివర్లో లూయిస్ కోరిక తీరుతుంది. తల్లి తనను గుమ్మంలో వదిలిన రాత్రికి కాలయంత్రంలో వెళ్తాడు. ఆమె భుజం తాకడానికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంటాడు. ఆమె ముఖం మనకు కనిపించదు. ఉద్యోగపర్వంలో కుంతి వచ్చి పిలిచినా, పెంచిన రాధను విడిచి రానన్న కర్ణుడు మీకు గుర్తుకు రావచ్చు. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. కర్ణుడికి పెంచిన ఇల్లు అప్పటికే ఉంది. లూయిస్‌కు ఆ ఇల్లు ఇంకా ఏర్పడాల్సే ఉంది. రాబోయే ఇంటిని నమ్మి అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దత్తుడు అంటే ఇవ్వబడినవాడు. ఆ మాటలో పిల్లవాడి ఇష్టానికి చోటు లేదు. ఈ చిత్రంలో పిల్లవాడే ఎంచుకుంటాడు. దర్శకుడు ఆండర్సన్ కూడా చిన్నప్పుడు దత్తత వెళ్లినవారే. ఆ సన్నివేశంలో మాటలు పెద్దగా లేకపోవడానికి ఆ అనుభవం ఒక కారణమై ఉండవచ్చు.

చిత్రంలోని లోపం

విమర్శకుడు మెచ్చుకుని ఊరుకోకూడదు. లూయిసే పెద్దయ్యాక ఆ ఇంటి యజమాని కార్నీలియస్ రాబిన్సన్ అవుతాడని కథ మలుపులో తెలుస్తుంది. అంటే విల్బర్ అతని కొడుకే. ముక్కూమొహం తెలియని పిల్లవాణ్ణి ఒక ఇల్లు అక్కున చేర్చుకుంది అనే అందమైన ఊహ ఇక్కడ పలచబడుతుంది. పైగా విల్బర్ తల్లి ఫ్రానీ మొదట లూయిస్‌ను దత్తత తీసుకుంటానని, అతనెవరో తెలియగానే వెనక్కి తగ్గుతుంది. కాలప్రయాణపు తర్కానికి అది అవసరమే. కానీ అప్పటికే వందసార్లు కాదనిపించుకున్న పిల్లవాడికి అది మరో తిరస్కారం. దాని నొప్పి మీద చిత్రం తగినంతసేపు నిలవదు.

అతన్ని నిజంగా దత్తత తీసుకునేవారు లూసిల్, బడ్ దంపతులు. సైన్స్ ప్రదర్శనలో అతని యంత్రాన్ని ముందుగా తన మీద ప్రయోగించుకోవడానికి ఒప్పుకున్నది లూసిల్. కథకు మూలస్తంభం కావలసిన ఈ బంధానికి దక్కినవి చివరి కొద్ది నిమిషాలే. అయినా తన కాలానికి తిరిగొచ్చిన లూయిస్, ప్రదర్శనకు పోయేముందు ఆటస్థలానికి పరుగెత్తి నిద్రలో తూగుతున్న గూబ్‌ను తట్టిలేపుతాడు. తనకు ఇల్లు దొరకకముందే మరొకరిని పట్టించుకున్నాడు. కుటుంబం గురించి ఈ చిత్రం చెప్పిన మాటల్లో నాకు అన్నింటికంటే నమ్మదగ్గదిగా తోచినది ఈ చిన్న పని.

సారాంశం

తప్పు చేసినా చోటు పోని ఇల్లే కుటుంబమని ఈ చిత్రం రెండు పేలుళ్ల ద్వారా, ఇద్దరు అనాథల ద్వారా నిరూపిస్తుంది. కథలోని మలుపు ఆ వాదనను కొంత బలహీనపరిచినా, తల్లి ముందు వెనక్కి తీసుకున్న చెయ్యి, గూబ్‌ను లేపిన చెయ్యి దాన్ని నిలబెడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పీనట్ బటర్ యంత్రం పేలిన రెండు సన్నివేశాలను పోల్చి ఐదు వాక్యాల్లో రాయండి.
2. గూబ్ గతం చెప్పే సన్నివేశంలో మాటకూ దృశ్యానికీ ఉన్న వైరుధ్యం ఏమిటి? దాని ప్రయోజనం ఏమిటి?
3. రక్తసంబంధం లేని కుటుంబం ఉన్న ఒక తెలుగు చిత్రాన్ని ఎంచుకుని, అందులో ఒక పాత్రకు తన చోటు ఏ సన్నివేశంలో దక్కిందో వివరించండి.