హరవిలాసమున అగరు

హరవిలాసమునకుఁ గృతిపతి యగు అవచి తిప్పయసెట్టి యోడవర్తకమును శ్రీనాథుఁడు రెండు పద్యములలో వర్ణించియున్నాఁడు. అం దొకటి సీసము, రెండవది వృత్తము. రెడ్డిరాజుల కాలపు సముద్రవ్యాపారమునకు సాక్ష్యములుగా నీ రెంటిని జంటగా నుదాహరించుట చరిత్రకారులకుఁ బరిపాటి. కాని రెండింటి కూర్పు ఒక్కటి కాదు. ఆ భేదమును గమనింపకున్నచో వృత్తమునందలి అగరుశబ్దమున కర్థము చెప్పుట కష్టము.

సీసమునందుఁ బ్రతిదేశమునకును దాని సరకు ముడివేయఁబడినది. కర్పూరవృక్షములు పంజారమునవి, గంధగజములు సింహళమునవి, గుఱ్ఱములు హురుమంజివి, కస్తూరి భోటదేశమునది, పట్టువస్త్రములు చీనావి. పంజార మనఁగా సుమత్రాదీవిలోని ఫన్సూరు, బారూసు రేవుసీమ. అచటఁ దొరకిన 1088 నాఁటి తమిళశాసనమున దక్షిణదేశపు వర్తకశ్రేణి పేరు కానవచ్చుచున్నది గావున మనవారి కా రేవు క్రొత్తది కాదు. ఆ దీవికర్పూరము మ్రానును నఱికి చీల్చినఁ గాని దొరకదు; పగుళ్లలోఁ బలుకులు పలుకులుగా నుండును. కాఁబట్టి కవి కర్పూరము నని యూరకుండక వృక్షములనే చెప్పుట ఉత్త యతిశయోక్తి కాదు, సరకు పుట్టువు నెఱిఁగి పలికిన మాట.

వృత్తమున నీ క్రమము లేదు. తరుణాసీరి, తవాయి, గోవ, రమణ యను స్థానము లొకవరుసగాను, చందనము, అగరు, కర్పూరము, కుంకుమపువ్వు, కస్తూరి మొదలగు ద్రవ్యము లింకొకవరుసగాను, కప్పలి, జోంగు, వల్లి, వలిక యను నోడలపేళ్లు వేఱొకవరుసగాను నున్నవి. ఇచట యథాసంఖ్యాన్వయము చేయఁబూనుట పొరపాటు. స్థానములు నాలుగు, ద్రవ్యము లంతకు మించినవి. అదియుఁగాక కుంకుమపువ్వు కాశ్మీరపుఁబంట. ఈ నాలుగింట నెచ్చటను బుట్టదు. కస్తూరిని సీసమున భోటదేశమునకుఁ జెప్పిన కవియే యిచట దానిని మఱచెననుట యుక్తము కాదు. సీసము సరకు పుట్టినచోటును జెప్పును. వృత్తము సరకు కొన్నచోటును జెప్పును.

ఈ భేదమునకు లోకసాక్ష్యముఁ గలదు. తరుణాసీరి నేఁటి తనింతాయి, తవాయి నేఁటి దవే. రెండును బర్మా దక్షిణతీరమున నున్నవి. రమణ యనునది పెగూసీమ, మోనులదేశము. 16వ శతాబ్ది మొదట బార్బోసా యను పోర్చుగీసువాఁడు విజయనగరపు రేవగు పులికాటును వర్ణించుచు, అచటఁ బెగూకెంపులును గస్తూరియు విరివిగా దొరకునని వ్రాసినాఁడు. హిమాలయముల కావలి కస్తూరి తెలుఁగుతీరపు రేవున నోడసరకై యమ్ముడుపోవుచుండెనన్నమాట! తిప్పయసెట్టి నెల్లూరివాఁ డని ప్రతీతి. ఆ యూరికి దక్షిణముననే ప్రళయకావేరి యనఁబడు పులికాట్ సరస్సు కలదు. నేఁ డా సరస్సులోఁ బెద్దభాగము తిరుపతిజిల్లాలోను, పాతరేవుపట్టణము తమిళనాడులోను నున్నవి. శ్రీనాథుని కాలమునకు నూఱేండ్లకుఁ బిమ్మట ఆముక్తమాల్యదలోని రాజనీతియందు, రేవులను వృద్ధిచేసి గజతురగమణిచందనాదులను రప్పింపవలెనని కృష్ణరాయలు చెప్పుటయు నీ తీరమునకే సరిపడును. 1613లో డచ్చివా రచటఁ గోట కట్టుకొనిరి.

పై ద్రవ్యములలో తరుణాసీరి యడవులకు స్వంతమైనది అగరు. అయినను మన టీకలలో దీనికి 'వృక్షవిశేషము' అనియో 'ధూపద్రవ్యము' అనియో వ్రాసి విడుచుటయే యెక్కువ. అమరము వల్లించిన బాలుఁడు సైత మింతకంటె నెక్కువ చెప్పఁగలఁడు. వంశికము, రాజార్హము, లోహము, క్రిమిజము, జోంగకము అని యమరసింహుఁ డిచ్చిన పర్యాయములలో క్రిమిజశబ్ద మొక్కటియే చాలును. ఆరోగ్యముగా నున్న అగరుచెట్టు కలప తెల్లనిది, తేలికైనది, వాసన లేనిది. పురుగు తొలిచియో, గాయము తగిలియో, బూజు పట్టియో నపుడు చెట్టు తన్నుఁ గాచుకొనుటకై నల్లని జిగురు నూరును. ఆ జిగురు పట్టిన చేవయే అగరు. మేలైన తునుక నీట మునుఁగును, కాఁబట్టియే లోహ మనిరి. చీనావారును దీనిని మునుఁగు ధూప మనియే పిలుతురు. అనఁగా అగరు చెట్టు కాదు, చెట్టునకు వచ్చిన తెవులు. (జోంగకమునకును పై వృత్తములోని జోంగునకును సంబంధము కల్పింప నుత్సహించువారు జాగ్రత్తపడవలెను. జోంగు మలయుల యోడపేరు. జోంగకము దానికిఁ బెక్కుశతాబ్దములకు ముందే యమరమునఁ జేరినది.)

ఇంతకంటెఁ జెడ్డతప్పు, ధూప మనఁగానే గుగ్గిల మని వ్రాయుట. సంస్కృతమున గుగ్గులువు వేఱు, సర్జరసము వేఱు; అమరసింహుఁడు మొదటిదానిని వనౌషధివర్గమునను, రెండవదానిని మనుష్యవర్గమునను బెట్టినాఁడు. తెలుఁగున గుగ్గుల్వును మైసాక్షి యందురు. అది రాజస్థానపు మెట్టనేలల ముండ్లపొద బంక. గుగ్గిలము మన కొండలది. శేషాచలమున జాలారి, తంబ చెట్ల జిగురును, 1961లో వృక్షశాస్త్రజ్ఞులు ప్రత్యేకజాతిగాఁ బేరిడిన కొండసాంబ్రాణిచెట్టు జిగురును జనులు గుగ్గిల మనియే వాడుదురు. సుమత్రానుండి వచ్చు సాంబ్రాణి మఱియొకటి. ఒక్కపేరు క్రింద నిన్ని చెట్లు దాఁగియుండఁగా అగరునుఁ దెచ్చి యందుఁ జేర్చిన నేమి మిగులును?

ప్రబంధనాయిక తలయంటుకొని కురులను అగరుపొగ నార్చుకొనుట పరిచితమైన వర్ణన. అగరు నిప్పుపైఁ బడి మెల్లగా వేఁగి సన్నని పొగ నిచ్చును. గుగ్గిలము భగ్గున మండి మసి చిమ్ము స్వభావము కలది. దానిని నూనెతోఁ గాఁచి పడవల సందులు పూడ్తురు. టీకాకారుఁడు గుగ్గిల మన్నచో నాయిక తల మసిపట్టును. మనుచరిత్రమునఁ బ్రవరుఁడు కస్తూరికర్పూరములతోఁ గూడిన తాంబూలపు వాసననుబట్టియే యచట మనుష్యులున్నా రని యూహించినాఁడు. ఆ గంధమును వేఱుపఱచి యెఱుఁగలేని పాఠకునకుఁ గథయే నడవదు.

హరవిలాసమునకు మరల టిప్పణము వ్రాయువారు వృత్తమునకు స్థానసూచియు, సీసమునకు ద్రవ్యసూచియు వేర్వేఱుగాఁ గూర్చి, అగరుశబ్దముకడ తరుణాసీరిని, క్రిమిజశబ్దమును దప్పక పేర్కొనుట మంచిది.