బొంతకు కూలి, క్విల్టుకు ఫీజు

టెక్ మహీంద్రా క్యాంపస్ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక, బహదూర్‌పల్లిలో ఎండకు ఆరే దుప్పట్లు రెండు రకాలయ్యాయి. పాత ఊరి గోడల మీద బొంత, బాల్కనీ రెయిలింగు మీద క్విల్ట్. బొంత కుట్టే ఆమెతో యాభై రూపాయల దగ్గర బేరమాడే ఇంట్లోనే, రెండు రోజుల క్విల్టింగ్ వర్క్‌షాపుకు వేలు కట్టాలా వద్దా అన్న చర్చ నడుస్తుంది. చర్చ న్యాయమైనదే. బేరం మాత్రం కాదు.

బొంత సంగతి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. పైనా కిందా గట్టిగా ఉన్న కాటన్ చీరలు, నడుమ చిరిగిన చీరలు, లుంగీలు, పంచెలు. నేల మీద పరిచి, ముడతలు తీసి, పొడుగు టాకాలు వేసి, ఆ తర్వాత వరుసగా కుట్టుకుంటూ పోవడం. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డే ఇందులో మేలు సరుకు. దుకాణంలో దొరకదు, ఇంట్లో ఏళ్ల తరబడి వాడితేనే తయారవుతుంది. కొలబద్ద పని లేదు. ఒక వరుస కాస్త వంకరపోతే పక్క వరుస దానికి సర్దుకుంటుంది.

క్విల్ట్ కూడా అలాగే మూడు పొరల వస్తువే: పైన అతుకుల గుడ్డ, నడుమ దూది పొర, కింద అస్తరు. పొరలు జరక్కుండా కుట్టు పట్టి ఉంచడం రెంటికీ ఒకటే సూత్రం. అయితే బొంతలో పని పొరలు పరచడంతో మొదలైతే, క్విల్టులో అంతకు చాలా ముందే, గుడ్డ కోయడంతో మొదలవుతుంది. 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా తెచ్చిన చక్రపు కత్తితో నాలుగైదు పొరలు ఒకేసారి కోయడం వచ్చింది. దాంతో కొలత మీద పట్టింపూ పెరిగింది. కుట్టు లోపలికి పోయే గుడ్డ పావు అంగుళమే ఉండాలి. వరుసలో ఎనిమిది ముక్కలుంటే ఏడు అతుకులు. ఒక్కో అతుకు దగ్గర మొత్తం అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ పోయినా చివరికి వరుస ముప్పాతిక అంగుళం పైనే కురచవుతుంది, పై వరుస మూలతో కింద వరుస మూల కలవదు. చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఆ మూలలు కలిసిన క్విల్టును చేత్తో తడిమి చూసినవాళ్లు అలా అనరు.

ఈ కొలతే క్విల్టు ప్రాణం అనుకుంటే మాత్రం జీస్ బెండ్ అడ్డొస్తుంది. అమెరికాలోని అలబామాలో ఆ పల్లె నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని చిరిగిన బట్టల్తోనే చలికి దుప్పట్లు కుట్టుకున్నారు. గీతలు వంకరే, చదరాలు చదరాలు కావు. అవే 2002లో హ్యూస్టన్ మ్యూజియంలోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడకెక్కాయి. 2006లో తపాలా బిళ్లలయ్యాయి. అలాగే మన పొరుగున ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీల కవంది. అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుడతారు, మూలల్లో చిన్న గుడ్డ మడతను పువ్వులా నిలుపుతారు. పాత చీరల పనే, మన బొంతకు అచ్చంగా చెల్లెలు. ఆ కవందిని పరదేశాల్లో ఇప్పుడు ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు. పాత గుడ్డ పనికి కూలి, కొత్త గుడ్డ పనికి ఫీజు అన్న లెక్క ఆ పనుల్లో ఉన్నది కాదు, మనం పెట్టుకున్నది.

మరి డబ్బు సంగతి. వరుస కుట్టు సమంగా పడటం రెండు రోజుల్లో ఏ టీచరూ నేర్పలేరు. అది బొంత దగ్గర కూర్చుంటేనే వస్తుంది. మంచమంత గుడ్డలో పొరలు జారకుండా చూసుకోవడమూ అంతే. వర్క్‌షాపులో చేతికిచ్చేది సాధారణంగా కుషన్ కవరంత ముక్క, అందులో పొరలు జారే సమస్యే రాదు. ఇక బొంత దగ్గర నేర్పేవాళ్లుండరు, చేసేవాళ్లే ఉంటారు. ఎందుకలా అని అడిగితే ‘చూస్తే అదే వస్తది’ అంటారు. మూలలు కలపడం, అంచుపట్టీని మూల దగ్గర ఏటవాలుగా మడవడం, మిషన్ మీద గుడ్డను చేత్తో తిప్పుతూ తీగల్లాంటి కుట్టు వేయడం, ఇవి చూస్తే రావు. ఎవరైనా పక్కన నిలబడి తప్పు చూపించి విప్పించాలి. ఫీజు ఆ విప్పించడానికి. ఒక్క టీచరు పాతికమందిని కూర్చోబెట్టిన చోట అది జరగదు, అక్కడికి వెళ్లడం కంటే ఊళ్లో బొంత కుట్టే పెద్దమ్మకు రోజు కూలి ఇచ్చి పక్కన కూర్చోవడం నయం.

ఇప్పటికే జాకెట్లు కుట్టుకునేవాళ్లకు మిషన్ అలవాటుంది కాబట్టి, వాళ్లకు ఫీజులో సగం అనవసరం. మిషనే తెలియనివాళ్లకు రెండు రోజులు చాలవు. నడిమివాళ్లకే లాభం, అదీ కత్తి, మ్యాటు, స్కేలు అక్కడే ఇస్తేనే. సొంతంగా కొనుక్కోమంటే ఆ సామాను ఖర్చు కూడా ఫీజులో కలిపి చూసుకోవాలి. డబ్బు పంపేముందు ఫోన్‌లో అడగవలసింది: రెండో రోజు సాయంత్రానికి అంచుపట్టీ దాకా పూర్తవుతుందా, లేక పై ముక్కలు అతికించి మిగతాది ఇంటి దగ్గర చేసుకోమంటారా? ఇంటి దగ్గర చేసుకోమంటే సగం ఫీజు అడగడం తప్పేమీ కాదు, మనకు బేరం ఎలాగూ వచ్చు.