వరి కయ్యల్లో ఎయిర్‌బస్

1980 ఆగస్టు 19న రియాద్‌లో సౌదియా 163 రన్‌వే మీద చక్కగానే దిగింది. ఎగిరిన కాసేపటికే వెనక సామాన్ల అరలో నిప్పు రేగి, వెనక్కి తిరిగొచ్చిన ట్రైస్టార్ విమానం అది. దిగింది, ఆగింది. తలుపులు మాత్రం వేళకు తెరుచుకోలేదు. అందులో ఉన్న 301 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పదమూడేళ్ల తర్వాత, 1993 నవంబర్ 15న, తిరుపతికి దగ్గర్లో ఇంకో పెద్ద విమానం రన్‌వే ఊసే లేని వరి కయ్యల్లో దిగింది. అందులోని 262 మందీ బతికారు. ఈ రెండో దిగుడులోని పనితనాన్ని కాస్త నిదానంగా చూడాలి.

అది ఇండియన్ ఎయిర్‌లైన్స్ 440, ఎయిర్‌బస్ ఎ300. మద్రాసు నుంచి హైదరాబాదుకు బయలుదేరింది. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి అందులో ఉన్నారు కాబట్టే ఈ సంగతి మనవాళ్ల నోళ్లలో ఇంకా నానుతోంది. నడిపినవాళ్ల పేర్లు చెప్పమంటే మాత్రం తడుముకుంటాం.

హైదరాబాదులో నేల సరిగా కనబడలేదు. దిగబోయి మళ్లీ పైకి లేచారు. అలా లేచినప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించిన ఫ్లాపుల్ని లోపలికి తీసుకోవాలి. అవి ఇరుక్కుపోయాయి. తక్కువ వేగంలోనూ విమానాన్ని గాలిలో నిలబెట్టేవి ఫ్లాపులే. కానీ అవి దిగి ఉంటే గాలి అడ్డుపడుతుంది, వేగం పెరగదు, అదే దూరానికి ఇంధనం చాలా ఎక్కువ ఖర్చవుతుంది. ఆ స్థితిలోనే మద్రాసు దారి పట్టారు. ట్యాంకులు అడుగంటుతుంటే తిరుపతి వైపు మళ్లారు. రేణిగుంట విమానాశ్రయమూ అందలేదు.

ఇక్కడ మెచ్చుకోలు కాసేపు ఆపాలి. ఫ్లాపులు దించుకుని ఎంత దూరం పోగలమన్న లెక్క హైదరాబాదు మీదుండగానే తేలాల్సింది. ఆ లెక్క కుదిరి ఉంటే కయ్యల్లో దిగే అవసరమే వచ్చేది కాదు. అయితే చివరి నిమిషాల చేతిపనిని ఆ తప్పు కింద కప్పెట్టడం న్యాయం కాదనుకుంటాను.

ఆ పని ఎలాంటిదో చూడండి. ఇంధనం అయిపోయాక పైలట్‌కు మిగిలే ఆస్తి ఎత్తు ఒక్కటే. దాన్ని ఖర్చుపెట్టి వేగం కొనుక్కోవాలి. ఎక్కువ ఖర్చయితే చేను అందదు, తక్కువ ఖర్చయితే చేను దాటిపోతుంది. మళ్లీ పైకి లేచి ఇంకోసారి చూసుకునే వీల్లేదు. విమానం పొడవు యాభై మీటర్ల పైమాటే, వేగం గంటకు రెండొందల కిలోమీటర్లకు తక్కువ కాదు. కింద గెనిమలు, బావులు, చెట్లు, కరెంటు తీగలు. రెక్కల కింద వేలాడే రెండు ఇంజన్లు మెత్తటి నేలలో ముందుగా దిగబడతాయి. అన్నిటికంటే ముఖ్యం, రెక్కలు రెండూ సమంగా ఉండాలి. 1996లో హైజాకర్ల చేతిలో పడి ఇంధనం అయిపోయిన ఇథియోపియన్ 961, కొమొరోస్ తీరంలో నీళ్ల మీద దిగబోయింది. ఎడమ రెక్క ముందు తగిలింది, విమానం ముక్కలైంది, 175 మందిలో 125 మంది పోయారు. తిరుపతి దగ్గర రెక్క వాలలేదు. దారి పొడవునా ఇంధనం తినేసిన ఆ ఫ్లాపులే, తక్కువ వేగంతో నేలను తాకే వీలు కల్పించాయి.

ఇక నిప్పు. నేలను గుద్దుకున్న విమానంలో ట్యాంకు చిట్లడం, కారిన ఇంధనం వేడి ఇంజన్ల మీద పడడం, అంటుకోవడం వరసగా జరిగిపోతాయి. ఇక్కడ కారడానికి ఇంధనమే పెద్దగా లేదు. ఇది పైలట్ల ప్రజ్ఞ కాదు. విమానాన్ని కిందికి దించిన కరువే మంట లేకుండా చేసింది.

1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా బయలుదేరిన స్విస్ ఎయిర్ 111 పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ట్యాంకుల నిండా ఇంధనం, హాలిఫాక్స్‌లో సిద్ధంగా రన్‌వే. కాక్‌పిట్ పైకప్పు వెనక తీగల దగ్గర పుట్టిన నిప్పు, ఇన్సులేషన్ మీది పలుచని పొరను పట్టుకుని పాకింది. బరువు తగ్గించుకోవడానికి ఇంధనం పారబోద్దామని పైలట్లు సముద్రం వైపు తిరిగారు. మొదట వాసన తగిలినప్పటి నుంచి నీళ్లలో పడేదాకా సుమారు ఇరవై నిమిషాలు. 229 మంది పోయారు. సముద్రం వైపు తిరగకుండా నేరుగా దిగబోయినా రన్‌వే అందేది కాదని కెనడా దర్యాప్తు తేల్చింది.

కయ్యల్లో దిగినవాళ్లకు తలుపులు తీసుకుని బయటపడే వ్యవధి దొరికింది. విమానం మాత్రం బాగుచేయడానికి వీల్లేనంతగా దెబ్బతింది, మళ్లీ ఎగరలేదు.