పాటను కళ్లు వింటే

లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటి మహబూబ్ చౌక్ వైపు పోతే పాత సామాను అమ్మేచోట అప్పుడప్పుడు గ్రామఫోన్లు కనిపిస్తాయి. కొనవచ్చినవాళ్ల చూపు ముందు ఇత్తడి బూర మీద వాలుతుంది, తర్వాత కుక్కబొమ్మ మీద. రికార్డు మోగేసరికే తీర్పు సగం అయిపోయి ఉంటుంది.

నిజానికి పాట పుట్టేది సౌండ్‌బాక్స్‌లో. గాడిలో ఊగే సూది అభ్రకం బిళ్లను కదిలిస్తే, బూర ఆ ధ్వనిని గదిలోకి చేరవేస్తుంది. బూర పొడవు, వంపు పాటను మారుస్తాయి. దాని మెరుపు మార్చదు. పైగా కొత్త బూరకు పాత పేరు అతికించిన యంత్రాలు మన దేశంలో కొల్లలు. వాటిలోనూ ‘పాతకాలపు తీపి’ వినిపించిందనేవాళ్లు ఉంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. తీపి వినిపించిన మాట నిజమే, అది బూరలోంచి రాలేదంతే.

ఇది తెలియనివాళ్లకే ఉన్న బలహీనత కాదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అమెరికాలోని హర్మన్ కంపెనీ ఉద్యోగులు 40 మందికి నాలుగు రకాల స్పీకర్లు వినిపించారు. కళ్లెదుట ఉన్నప్పుడు దిట్టంగా కనబడే పెద్దవి గెలిచాయి, చిన్న ప్లాస్టిక్‌ది వెనకబడింది. తెర కట్టి వినిపిస్తే ఆ తేడా బాగా తగ్గిపోయింది. స్పీకర్ల మీదే బతికే సంస్థవాళ్ల చెవులవి!

చెవిని ఏమార్చేది ఇంకొకటుంది. శబ్దం కాస్త పెరిగితే చాలు, నాణ్యతే పెరిగిందనిపిస్తుంది. గ్రామఫోన్‌కు వాల్యూమ్ మీట ఉండదు, ఆ పని సూదిది. లావు సూదికి పాట గట్టిగా, సన్న సూదికి మెత్తగా పలుకుతుంది. అందుకే ఎవరైనా ఎంపికకు తోడు రమ్మంటే నా షరతులు ముందే చెప్తాను: ఒకే రికార్డు, ఒకే రకం కొత్త సూదులు, కొనే మనిషి గోడవైపు తిరిగి కూర్చోవాలి.

మరమ్మతు చేసేవాళ్ల వినికిడి వేరు. సౌండ్‌బాక్స్‌లో రబ్బరు వయసు మీద గట్టిపడితే, గొంతు హెచ్చినచోట పాట గరగరలాడుతుంది. వాళ్లు వెతికేది ఆ గరగర కోసమే, తీపి కోసం కాదు. ‘కైసా లగ్రా?’ అని అడిగితే కన్ను, జేబు, తాతగారి జ్ఞాపకం అన్నీ కలిసి జవాబిస్తాయి. ‘గరగర ఉందా?’ అంటే చెవి ఒక్కటే పలకాలి. ప్రశ్న ఎంత ఇరుకైతే భ్రమకు అంత తక్కువ చోటు.

ఇత్తడి బూర ఇంట్లో అందంగానే ఉంటుంది. ఆ అందానికి డబ్బిస్తే తప్పేం లేదు. ఆ ఖర్చును చెవి ఖాతాలో రాయకపోతే చాలు.