ఆదివారం మాత్ర

రిఫ్రెషర్ కోర్సు నోటీసు వచ్చిందంటే మెడికల్ షాపు వాళ్లం ముందు ఆలోచించేది చదువు గురించి కాదు, కౌంటర్ గురించి. ఫార్మసిస్టు లేకుండా డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వకూడదని 1948 నాటి ఫార్మసీ చట్టం. ఐదేళ్లలో కనీసం రెండు రోజులు క్లాసులో కూర్చోకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదని 2015 నాటి నిబంధన. షట్టర్ దించి వెళ్లేవాళ్లు ఎందరో, కుర్రాడి మీద వదిలేసి వెళ్లేవాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి.

నేనూ సణుక్కుంటూనే వెళ్లాను. పొద్దున ఒక సంతకం, సాయంత్రం ఒక సంతకం. పక్క కుర్చీ ఆయన సర్టిఫికెట్ ఎవరి షాపు గోడకో అద్దెకి వేలాడుతోందట. మందుల చీటీ చూసి ఎన్నేళ్లయిందో! ఆయనకీ నాకూ ఒకటే సర్టిఫికెట్ ఇచ్చారు. ఒళ్లు మండింది.

భోజనాలయ్యాక హాలు సగం కునుకు తీస్తుంటే తెర మీద మెథోట్రెక్సేట్ వచ్చింది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. డీఫార్మసీలో చదివిందే కదా అని ఆవులించాను.

కొన్నాళ్లకి ఒకావిడ వచ్చింది. "నోరంతా పూసింది బాబూ, మెతుకు మింగుడుపడటం లేదు. బీకాంప్లెక్స్ ఇయ్యి."

స్ట్రిప్ తీసేశాను. కత్తెర కూడా చేతిలోనే ఉంది. ఎందుకో ఆగి, "ఇంకేం మందులు వాడుతున్నావు పెద్దమ్మా?" అన్నాను. కొంగుముడి విప్పి రెండు స్ట్రిప్పులు బల్ల మీద పెట్టింది. రెండూ చిన్న పసుపు బిళ్లలే. ఒకటి ఫోలిక్ యాసిడ్. రెండోది ఆదివారానికి ఆదివారం వేసుకోవాల్సింది, రోజూ వేసుకుంటోంది. చీటీలో వారానికి ఒకసారి అనే ఉంది. బిళ్లలు నా షాపులో కొన్నవే. కవర్ మీద నేను ఒక్క ముక్కా రాయలేదు.

వెంటనే డాక్టర్‌గారికి ఫోన్ చేసి, కొడుకుని పిలిపించి, ఆస్పత్రికి పంపాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మా మేనకోడలు లెస్టర్‌లో ఫార్మసిస్టు. బ్రిటన్‌లో ఏటా ఆరు రికార్డులు రాసివ్వాలి. ఏం నేర్చుకున్నారో, దానివల్ల రోగికి ఏం ఒరిగిందో అందులో చెప్పాలి. మేనకోడలూ సణుగుతూనే ఉంటుంది. ఆ పెద్దమ్మ సంగతి చెబితే అంతా విని, "తర్వాత ఏం మార్చావు మావయ్యా?" అంది. ఆ క్లాసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న.

కౌంటర్‌కి దారం కట్టి ఒక మార్కర్ వేలాడదీశాను. ఆ బిళ్లలు కొన్నవాళ్ల కవర్ మీద వారం పేరు పెద్దక్షరాలతో రాస్తున్నాను. చదువు రానివాళ్లయితే, "ఏ రోజు వేసుకుంటావు?" అని అడిగి వాళ్ల నోటితోనే చెప్పిస్తున్నాను.