బమియాన్ బుద్ధుడి చీవరం

శిథిలాలను ఫొటోలతో కొలిచి కంప్యూటర్‌లో త్రీడీ రూపంగా నిలబెట్టే మాలాంటివాళ్లకు బమియాన్ పెద్దబాలశిక్ష. అఫ్గానిస్థాన్‌లోని ఆ లోయలో కొండను తొలిచి మలిచిన రెండు బుద్ధ విగ్రహాలను 2001 మార్చిలో తాలిబన్లు పేల్చేశారు. పెద్దది 55 మీటర్లు, చిన్నది 38.

ఆ తర్వాత జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఆర్మిన్ గ్రూన్ బృందం పెద్ద బుద్ధుణ్ణి కంప్యూటర్‌లో మళ్లీ నిలబెట్టింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోలూ వాడి చూశారు. కొలతకు నిలిచినవి మాత్రం ఆస్ట్రియా ప్రొఫెసర్ రాబర్ట్ కోస్ట్కా 1970 ఆగస్టులో సర్వే కెమెరాతో తీసినవి. కెమెరా వివరాలు తెలుసు కాబట్టే ముప్పై ఏళ్ల తర్వాత కూడా వాటి మీద లెక్కలు కట్టగలిగారు.

ఈ కథలో నన్ను కట్టిపడేసేవి ఆ బుద్ధుడి చీవరం, అంటే పైవస్త్రం, మడతలు. అవి రాతిలో చెక్కినవి కావు. కొండకు చెక్క మేకులు దిగ్గొట్టి, వాటికి తాళ్లు కట్టి, ఆ తాళ్ల మీద గడ్డి కలిపిన మట్టి మెత్తి తీర్చినవి. ఫొటోల నుంచి త్రీడీ రూపం కట్టే ప్రోగ్రామ్‌కి అంత సన్నని మడతలు చిక్కలేదు, వాటిని చదును చేసి పారేసింది. చివరికి మనుషులే కూర్చుని ఒక్కో మడత వెంట బిందువులు గుర్తించుకుంటూ పోయారు. ఇవాళ వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని ఇలాంటి విగ్రహం పాదాల దగ్గర తలెత్తి నిలబడితే ఒళ్లు పులకరిస్తుంది. అంత ఓపిక పట్టినవాళ్లు ఉండబట్టే అది సాధ్యమైంది.

నా భయమూ అక్కడే. బుద్ధుడి ముఖం పైభాగం పేలుడుకు ఎంతో ముందే పోయింది. వీఆర్‌లో దాన్ని పూరించడం ఎంతసేపు? చూసినవాళ్ల మనసులో ఇక అదే బమియాన్ అయిపోతుంది. పైగా కోస్ట్కా ఫొటోలు తీసేనాటికి మన దేశ పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేస్తోంది, 1969లో మొదలుపెట్టి 1977 దాకా. అంటే మనకు దక్కింది 1970 నాటి బుద్ధుడు. శిల్పులు పని ముగించిన నాటి బుద్ధుడు కాడు. ఆ తేదీ హెడ్‌సెట్‌లో కనబడి తీరాలి. నేనైతే ఊహతో పూడ్చిన ప్రతి చోటికీ బూడిద రంగు వేస్తాను. అందం చెడిందని అన్నా తీయను.

ఇలా ఫొటోలతో దాచే పని ఇప్పుడు నిపుణులకే పరిమితం కాదు. రష్యా దాడి మొదలయ్యాక 2022లో ఉక్రెయిన్‌లో మామూలు జనం ఫోన్లతో స్మారకాలను స్కాన్ చేశారు, బ్యాకప్ ఉక్రెయిన్ అనే కార్యక్రమం కింద. ఆ తెగువకు చేతులెత్తి మొక్కుతాను. అలాంటి పనిలో ఉన్నవాళ్లను నేను కోరేది, త్రీడీ రూపం ఎంత బాగా వచ్చినా అసలు ఫొటోలను చెరిపేయవద్దని. తేదీ, ఫోన్ వివరాలు అన్నీ ఉంచి దాచండి. మెరుగైన ప్రోగ్రామ్ వచ్చిన రోజున అవే ఫొటోలతో మళ్లీ మొదటినుంచీ కట్టుకోవచ్చు.